తుడిచి ఇచ్చిన సూది

మొన్న మా మనుమరాలు నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇందులో రాయడానికి ఏముందని మీరు అనుకోవచ్చు. ఆ పిల్ల వికారాబాదులో నర్సింగు చదువుతోంది, రెండో ఏడు. సెలవులకు తాండూరు వచ్చి ముందు గదిలో చాప మీద కూర్చుని, ఒళ్లో ఒక లావుపాటి పుస్తకం పెట్టుకుని పొద్దున్నుంచి వల్లె వేస్తోంది. కంటికి కనిపించని క్రిముల గురించిన పుస్తకం అది. ఏ క్రిమి గుండ్రంగా ఉంటుంది, ఏది పుల్లలాగా ఉంటుంది, ఏది ఎంత వేడికి చస్తుంది అని కళ్లు మూసుకుని చదువుతుంటే నేను వాకిట్లో మంచం మీద పడుకుని వింటున్నాను. "నీళ్లు దే బిడ్డా" అన్నాను. లేచింది. గ్లాసు కడిగింది. చున్నీ అంచుతో లోపలా బయటా శుభ్రంగా తుడిచింది. నీళ్లు ముంచి, రెండు చేతులతో నాకు ఇచ్చింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"చున్నీతోని ఎందుకు తుడిచినవ్?"

"తడి గ్లాసు ఎట్లిస్త తాతా నీకు? మంచిగుండదు."

"నీ ఒళ్లె ఉన్న బుక్కుల ఏం రాసిండ్రు?"

"గది పరీక్షకు తాతా. గిది ఇంట్ల."

ఆ మాటతో నా నోరు ఆగలేదు. చదువుకీ చేతికీ సంబంధం లేకపోతే ఆ పుస్తకం పొయ్యిలో పెట్టమన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. పిల్ల పుస్తకం అక్కడే వదిలేసి లోపలికి వెళ్లింది. మా కోడలు తలుపు దగ్గర నిలబడి, "గ్లాసు తుడిస్తె గూడ తిడ్తరా మామా, ముసలితనం ఎక్కువైతున్నది మీకు" అంది. జవాబు చెప్పాలంటే అరవై ఏళ్ల కిందటి సంగతి ఎత్తుకోవాలి. ఇంట్లో ఎవరికీ అంత తీరిక లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మాది పూడూరు దగ్గర ఒక పల్లె. గొల్లవాళ్లం. మా ఇంట్లో ఎవరికైనా ఏదైనా ఇవ్వాలంటే తుడిచి ఇవ్వాలి. మా నాన్న ఇంటికొచ్చిన మనిషిని ఊరికే అరుగు మీద కూర్చోమనేవాడు కాదు. భుజం మీది తువ్వాల తీసి రెండు దెబ్బలు కొట్టి, అరుగు తుడిచి, అప్పుడు "కూసో" అనేవాడు. మా అమ్మ చల్ల ముంత కడిగి కొంగుతో తుడిచి పోసేది. తడి ముంత చేతికిస్తే వచ్చినవాళ్లను లెక్క చేయనట్టు. మా నాయనమ్మ అయితే జొన్నరొట్టె పెట్టే పళ్లేన్ని కూడా, అందులో తడి ఉన్నా లేకపోయినా, అలవాటుగా ఒకసారి కొంగుతో అద్దేది. ఆ కొంగుకు పేడ వాసన, పొగ వాసన, పాల వాసన అన్నీ కలిసి ఉండేవి. ఆ వాసన లేని పళ్లెంలో తింటే నాకు అన్నం ఎవరో పరాయివాళ్లు పెట్టినట్టుండేది. మర్యాద అంటే మాకు మాటల్లో లేదు. తుడవడంలో ఉంది.

పోలీసు యాక్షన్ అయిపోయి, పల్లెలు కొంచెం కుదుటపడిన తర్వాత, పెళ్లయి ఒక పిల్ల పుట్టాక, గొర్రెలతో పొట్ట గడవక నేను వికారాబాదు చేరాను. అక్కడ ఒక దవాఖానలో పనికి కుదిరాను. ఆ దవాఖాన పేరు రాయను. అది ఇప్పుడు లేదు, ఉన్నా రాయను. పెద్ద డాక్టరు సాబ్ నన్ను చూసి, చదువు వచ్చా అని అడిగాడు. "రాదు సాబ్, చెప్పింది మర్చిపోను" అన్నాను. అది నిజమే, ఇప్పటికీ మర్చిపోను. అదే నాకు వరమూ శాపమూ. నన్ను ఉడకబెట్టే గదిలో వేశారు. డాక్టర్లు, నర్సులు వాడే కత్తెరలు, సూదులు, గాజు సిరంజిలు అన్నీ నీళ్లలో ఉడికించి ఇవ్వడం నా పని. మా వంశంలో పటేలు ముందర చేతులు కట్టుకుని నిలబడకుండా జీతం తెచ్చుకున్నవాణ్ణి నేనే మొదలు. ఊరికి వెళ్తే మా అమ్మ నన్ను చూసి అరుగు తుడిచేది.

ఆ గది వార్డు వెనుక ఉండేది. రేకుల కప్పు, కింద నున్నటి తాండూరు నాపరాయి. కట్టెల పొయ్యి మీద మూత ఉన్న పెద్ద రాగి డబ్బా. అక్కడి నీళ్లకు డబ్బా లోపల తెల్లగా సున్నంలాగా పేరుకునేది, వారానికోసారి చింతపండు పెట్టి తోమేవాణ్ణి. ఉడికే రబ్బరు గొట్టాల వాసన, పక్క వార్డు నుంచి వచ్చే ఫినాయిలు వాసన, తడి కట్టెల పొగ. సాయంత్రం ఇంటికి వెళ్తే నా పిల్ల నన్ను వాసన చూసి ముఖం తిప్పుకునేది. నాకు మాత్రం ఆ వాసన మీద గర్వం ఉండేది.

నాకు పని నేర్పింది సుగుణమ్మ సిస్టరు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. పొట్టిగా, బలంగా, చేతులు ఎప్పుడూ కడుక్కుని కడుక్కుని వేళ్ల చివర్లు ముడతలు పడి ఉండేవి. ఆరుగురు ఆడపిల్లలకు నర్సు పని నేర్పే బాధ్యత ఆమెది. నాకు గడియారం చూడడం రాదంటే ఒక టైంపీసు తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది.

"ఇటు చూడు నర్సింలూ. నీళ్లు కాగడం కాదు, కళపెళా మరగాలి. మరగడం మొదలైనప్పుడు ఈ పెద్ద ముల్లు ఎక్కడుందో చూసుకో. అక్కణ్ణుంచి నాలుగు అంకెలు దాటేదాకా మూత తీయకూడదు. మధ్యలో ఎవరైనా ఒక్క కత్తెర పడేశారనుకో, మళ్లీ మొదటి నుంచీ నాలుగు అంకెలు. అర్థమైందా?"

అర్థమైంది. ఒకసారి పెద్ద డాక్టరు సాబే వచ్చి మూడో అంకె దగ్గర మూత తీయబోతే నేను చేయి అడ్డం పెట్టాను. ఆయన నన్ను కొట్టబోయాడు. సుగుణమ్మ నవ్వుతూ, "వాడు నేను చెప్పిందే చేస్తున్నాడు సార్, కొడితే నన్ను కొట్టండి" అంది. ఆ రోజు నుంచి ఆ గదిలో నేనే రాజును. ఇలాంటి మొండితనంతో పని చేసినవాడు తప్పు చేస్తాడని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు.

నా గది కిటికీ అవతల వరండాలో ఆమె పాఠాలు చెప్పేది. పొయ్యి ఎగదోస్తూ నేను వినేవాణ్ణి. ఒకనాడు ఆమె మసిలో ఆముదం కలిపించి పిల్లలందరి చేతులకూ పూయించింది. కళ్లకు గుడ్డలు కట్టి, సబ్బుతో కడుక్కోమంది. కట్లు విప్పి చూసుకుంటే అరచేతులు తెల్లగానే ఉన్నాయి. బొటనవేలు వెనుకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద మాత్రం నల్లగా మిగిలింది. "కడుక్కున్నామని మీరనుకున్న చేతులు ఇవీ" అంది. పిల్లలు ఒకరి చేతులు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను పొయ్యి దగ్గర నా చేతులు చూసుకుని నవ్వలేదు.

ఇంకోనాడు ఆలుగడ్డలు ఉడకబెట్టి తెమ్మంది. కూరకేమో అనుకున్నాను. ఉడికించిన కత్తితో వాటిని ముక్కలు కోసి, ఒక ముక్క మీద ఒక పిల్లను కడగని వేలు ఆనించమంది. ఇంకో ముక్క మీద కడిగిన వేలు. మూడో ముక్కను ఎవరూ ముట్టుకోలేదు. ఉడికించిన గాజు గ్లాసులు వాటి మీద బోర్లించి మూడు రోజులు ఎండ తగలని చోట, వెచ్చగా ఉండే నా పొయ్యి గూట్లో పెట్టించింది. మూడో రోజు గ్లాసులు ఎత్తితే, కడగని వేలు తాకిన ముక్క మీద సజ్జగింజలంత పసుపు చుక్కలు, తెల్లటి జిగట. కడిగిన వేలు ముక్క మీద రెండు మూడు చుక్కలు. మూడో ముక్క మాత్రం పెట్టినట్టే ఉంది. "ఒక్క క్రిమి మీ కంటికి కనిపించదు. దానికి తిండి, తడి, వెచ్చదనం ఇస్తే పిల్లల్ని పెట్టి పెట్టి ఊరవుతుంది. ఊరైతే కనిపిస్తుంది. పుండు కూడా ఈ ఆలుగడ్డ లాంటిదే" అని చెప్పింది. ఆ తర్వాత ఒక మాట అంది. కంటికి శుభ్రం వేరు, చేతికి శుభ్రం వేరు, పుండుకు శుభ్రం వేరు అని. ఆ మాట నేను విన్నాను. విన్నానే కానీ అది నర్సు పిల్లలకు చెప్పిన మాట అనుకున్నాను.

ఆ ఆరుగురిలో చివర చేరిన పిల్ల ఎస్తేరు. పెద్దేముల్ వైపు పల్లె. తల్లీతండ్రీ కూలికి పోయేవాళ్లు, క్రైస్తవులు, వాళ్ల ఇల్లు ఊరవతలి వాడలో. మా ఊళ్లో అలాంటి వాళ్లు మా వాకిట్లోకొచ్చి నీళ్లడిగితే మా అమ్మ దోసిట్లోకి పైనుంచి పోసేది. ముంత తాకనిచ్చేది కాదు. మర్యాదకు తుడిచే కొంగు అదే, తాకకుండా ఎత్తి పోసే చేయీ అదే. అప్పుడు నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

మిగతా ఐదుగురు పిల్లలు నన్ను "ఓయ్, సూదులు అయినయా?" అని అడిగి, పెద్ద పట్కారుతో డబ్బాలోంచి వాళ్లే తీసుకుని, తడివి తడిగానే పళ్లెంలో వేసుకుని వెళ్లేవాళ్లు. నా వైపు చూసేవాళ్లు కూడా కాదు. ఎస్తేరు మొదటి రోజే గది గడప దగ్గర ఆగింది.

"నర్సింలన్నా, లోపలికి రావచ్చునా?"

ఆ దవాఖానలో నన్ను అన్నా అని పిలిచిన మొదటి మనిషి ఆ పిల్ల. నాకు గుండె నిండింది. నేను పట్కారుతో సిరంజి తీశాను. చేతికి ఇవ్వబోయి ఆగాను. తడిగా ఉంది. చెల్లెలికి తడిది ఎట్లా ఇవ్వను? భుజం మీది తువ్వాల తీశాను. పొద్దున్నే సబ్బు పెట్టి ఉతికి ఎండలో ఆరేసిన తువ్వాల, మల్లెపువ్వులా ఉంది. సిరంజి తుడిచాను, లోపల పోయే గాజు కడ్డీ తుడిచాను, సూది కొనదాకా తుడిచి, రెండు చేతులతో ఇచ్చాను. ఆ పిల్ల ఒక నిమిషం నా చేతుల వైపు చూసి, తీసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్తూ, మా అమ్మ చేయలేని పని నేను చేశాననుకున్నాను. తాకి, తుడిచి, చేతికిచ్చాను. చాలా గొప్ప మనిషినయ్యాననుకున్నాను. అప్పటి నుంచి రోజూ అట్లాగే ఇచ్చాను.

నెల తిరగకముందే ఆడవాళ్ల వార్డులో సూది వేసినచోట గడ్డలు లేవడం మొదలైంది. ముందు ఒకామెకు, తర్వాత ఇద్దరికి. నాలుగో మనిషి లచ్చవ్వ. తాండూరు దగ్గర నాపరాళ్ల గనిలో రాళ్లు మోసే మనిషి, ఊపిరి జబ్బుకు సూదులు వేయించుకోవడానికి వచ్చి చేరింది. ఆమె తుంటి మీద గడ్డ నిమ్మకాయంతై, కాలు కదపనివ్వలేదు. జ్వరం. డాక్టరు సాబ్ కోస్తే గిన్నెడు చీము వచ్చింది. ఆ పుండులో గుడ్డ కూరుతుంటే ఆమె కన్నడమూ తెలుగూ కలిపి తిట్టిన తిట్లు నా గది దాకా వినిపించాయి. ఆ గుడ్డలు నేనే కాల్చాను. ఆ వాసన ఇప్పటికీ చెప్పగలను.

నలుగురికీ సూదులు వేసింది ఎస్తేరే. మంగళవారం పొద్దున సుగుణమ్మ ఆమెను నా గదిలోకే తీసుకొచ్చి అడిగింది. నేను పొయ్యి దగ్గర నిలబడే ఉన్నాను.

"చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్న సిస్టరమ్మా."

"సూది మొనను తాకావా? నువ్వేమన్నా తుడిచావా దాన్ని?"

"నేను తుడువలే."

"మరి ఇంకెవరైనా తాకారా?"

ఎస్తేరు తల వంచుకుంది. జవాబు చెప్పలేదు. సుగుణమ్మ మూడుసార్లు అడిగింది. ఆ మౌనం చూసి తప్పు ఒప్పుకున్నట్టే అనుకుంది. డాక్టరు సాబ్ అంతకుముందే తేల్చేశాడు. శనివారం తాండూరు రైలుకు ఆ పిల్లను ఇంటికి పంపించేయాలి. ఆ రోజు నుంచే ఆమెను సూదులు ముట్టుకోనివ్వలేదు. ఇంటికి వెళ్లడమంటే మళ్లీ కంది చేలో కూలికి వంగడం. ఆమెను చదువుకు పంపడానికి వాళ్ల నాన్న ఊళ్లో ఎంతమందితో మాటలు పడ్డాడో నాకు తెలుసు, ఒకసారి పొయ్యి దగ్గర కూర్చుని ఆమే చెప్పింది.

నాకు అనుమానం ఎక్కడ పుట్టిందో చెప్పలేను. "నువ్వేమన్నా తుడిచావా" అన్న మాట దగ్గరే అనుకుంటాను. ఆ మాట నా భుజం మీద పడింది. అయినా నేను నమ్మలేదు. ఉతికిన తువ్వాల అది. ఎండ తగిలిన తువ్వాల. ఎండకు క్రిములు చస్తాయని సుగుణమ్మే కదా చెప్పింది. నా తువ్వాల తప్పు కాదని తేల్చుకోవడానికే, ఎవరికీ చెప్పకుండా రెండు ఆలుగడ్డలు కొనుక్కొచ్చాను. ఆమె చేసినట్టే చేశాను. కత్తి ఉడికించాను, గ్లాసులు ఉడికించాను. ఒక ముక్కను ఏమీ ముట్టలేదు. ఒకదాని మీద డబ్బాలోంచి పట్కారుతో తీసిన తడి సూది ఆనించాను. ఒకదాని మీద తువ్వాలతో తుడిచిన సూది. నాలుగోదాని మీద తువ్వాల అంచు. గ్లాసులు బోర్లించి గూట్లో పెట్టి, ముందర కట్టెలు అడ్డం పేర్చాను. ఆ నాలుగు రోజులు ఆ తువ్వాల నా కళ్లకు కొత్తగా కనిపించింది. దాంతో నేను చెమట తుడుచుకుంటున్నాను. ముక్కు తుడుచుకుంటున్నాను. పొయ్యి మీద మూత దించుతున్నాను. కూర్చునే చోటు దులుపుతున్నాను. పొద్దున ఉతికిన తువ్వాల పది గంటలకు ఏమవుతుందో నాకు అంతకుముందు ఎప్పుడూ కనిపించలేదు.

శనివారం పొద్దున గ్లాసులు ఎత్తాను. మొదటి రెండు ముక్కలూ పెట్టినట్టే ఉన్నాయి. మూడోదాని మీద సూది గీత పొడవునా చుక్కలు, వరసగా విత్తనం వేసినట్టు. నాలుగోది చెప్పనక్కరలేదు, తువ్వాల నేత గళ్లతో సహా అచ్చు దిగి మొలిచింది. పులిసిన జొన్న గటక వాసన.

నిజం రాస్తున్నాను కనుక ఇదీ రాస్తాను. నేను వాటిని పళ్లెంలో వేసుకుని ముందు వెళ్లింది సుగుణమ్మ దగ్గరకు కాదు, పెరట్లో చెత్త గుంత దగ్గరకు. నాకు పెళ్లాం ఉంది, పిల్ల ఉంది. ఇది పోతే మళ్లీ గొర్రెలే. గుంత దాకా వెళ్లేసరికి వరండాలో ఎస్తేరు రేకు పెట్టె పక్కన కూర్చుని ఉంది.

"నర్సింలన్నా, జర టేషన్ దాక పెట్టె మోస్తవా?"

ఆమె నా చేతిలోని పళ్లెం చూసింది. ఆలుగడ్డ పాఠం ఆమెకూ తెలుసు. చూసి, చూపు తిప్పుకుంది. అప్పుడు అర్థమైంది నాకు.

"నీకు ఎరుకనా?" అన్నాను.

"మంగళారం సిస్టరమ్మ అడిగినంక ఎరుకైంది. దాని ముందుగాల నాక్కూడ తెల్వలే."

"మరి చెప్పలేదేంది?"

"ఏమని జెప్పాలె? నువ్వు తుడిచిచ్చినవ్. గా ఇజ్జత్ నాకు పుట్టి బుద్ధెరిగినంక ఎవ్వరియ్యలే. గది తప్పని నా నోటితోని ఎట్ల జెప్పాలె అన్నా?"

"నీ సదువు వోతది బిడ్డా."

"నీ నౌకరి వోతది. నీకు చిన్న పొల్ల ఉన్నది."

పళ్లెం తీసుకుని నేను వెనక్కి తిరిగాను. సుగుణమ్మ బల్ల మీద పళ్లెం పెట్టి, భుజం మీది తువ్వాల తీసి పక్కన పెట్టాను. ఆమె ముక్కలను కిటికీ వెలుతురులో చాలాసేపు చూసింది.

"ఎన్నాళ్ల నుంచి తుడుస్తున్నావు?"

"ఎస్తేరు వచ్చిన కాన్నుంచి."

"ఒక్క ఎస్తేరుకేనా?"

"మిగిలినోళ్లు నా చేతికెల్లి తీస్కోరు సిస్టరమ్మా. వాళ్లే పట్కారుతోని తీసుకుంటరు."

"అసలెందుకు తుడిచావయ్యా?"

"తడిది ఎట్లిస్తం?"

ఆమె తిడుతుందనుకున్నాను. స్టూలు మీద కూర్చుంది. ముడతలు పడిన వేళ్లతో నుదురు రుద్దుకుంది. "పిల్లలకు చెప్పాను. వేడిగా తీసి పళ్లెంలో పెడితే దాని వేడికి అదే ఆరుతుంది, తుడవకూడదు అని ఆరుగురికీ చెప్పాను. నీకు చెప్పలేదు. నువ్వు కిటికీ అవతల వింటుంటావని తెలిసి కూడా, లోపలికి రమ్మని ఒక్కసారీ అనలేదు" అంది. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. పళ్లెం పట్టుకుని డాక్టరు సాబ్ గదిలోకి వెళ్లింది. ఎస్తేరు రేకు పెట్టె ఆ మధ్యాహ్నం రైలు ఎక్కలేదు.

నన్ను ఉడకబెట్టే గదిలోంచి తీసేశారు. వరండాలు కడిగే పనిలో వేశారు, జీతం తగ్గింది. నాకు ఫికర్ అనిపించలేదు. ఆ రోజే వార్డులోకి వెళ్లి లచ్చవ్వకు కూడా చెప్పాను. ఆమెకు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే కాదని నాకనిపించింది. బోర్లా పడుకుని ఉంది, తల మాత్రం తిప్పి విన్నది.

"నువ్వు తుడిచినవా?"

"తుడిచిన అవ్వా."

"మస్తు తుడిచినవ్ తియ్యి. నీ మర్యాద దేవునికెరుక, నా తుంటికి గుంత వడ్డది." పళ్లు బిగబట్టి మోచేతి మీద కొంచెం లేచింది. "గా తువ్వాల ఏడున్నది?"

తెచ్చి చూపించాను. లాక్కుని తలకింద పెట్టుకుంది. "ఇగ ఇది నీకు వద్దు. నెత్తి మీద రాయి కింద చుట్టకుదురు చేసుకుంట. ఆడ అది ఎవ్వరికి ఏం కాకుంట ఉంటది."

రెండు నెలలకు ఆమె కుంటుకుంటూ ఇంటికి వెళ్లింది. నేను ఆ తర్వాత భుజం మీద తువ్వాల వేసుకోలేదు. పెళ్లిళ్లకు వెళ్తే బోడి భుజంతో వచ్చాడని మా వాళ్లు నవ్వేవాళ్లు.

సుగుణమ్మ ఇంకో పని చేసింది. పనిలో చేరే ప్రతి మనిషీ, ఊడ్చేవాడు గానీ బట్టలుతికేవాడు గానీ, ముందు వరండాలో ఆమె పాఠం వినాల్సిందే అని పెట్టించింది. అట్లా ఆరుగురు ఆడపిల్లల వెనుక చెక్క పీట మీద మొదట కూర్చున్నది నేనే. ఎస్తేరు వెనక్కి తిరిగి నా చేతిలో పలక పెట్టింది. తెలుగు అక్షరాలు అక్కడ దిద్దాను. మిగిలింది నాకు నేనే నేర్చుకున్నాను, మందు సీసాల మీది కాగితాలు చదివి, పొట్లాలు కట్టిన వార్తాపత్రికలు చదివి. ఇంగ్లీషు కూడా ఆ సీసాలే నేర్పాయి. అందుకే మొన్న మనుమరాలు వదిలేసిన పుస్తకం తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదవగలిగాను. ఉడికించిన పనిముట్లను గుడ్డతో తుడవకూడదని అందులో ఒకే ఒక్క వరుస ఉంది. ఆ వరుస కింద పిల్ల ఎర్ర పెన్నుతో గీత కూడా గీసుకుంది.

పోయిన చలికాలం నేను ఒక దవాఖానలో నాలుగు రోజులున్నాను. గోడ గోడకూ చేతులు శుభ్రం చేసుకునే మందు సీసాలు వేలాడుతున్నాయి. నొక్కితే గాలి వచ్చింది. నర్సు పిల్ల రబ్బరు తొడుగులు వేసుకుని వచ్చింది. ఆ తొడుగులతోనే జేబులోంచి ఫోను తీసి మాట్లాడి, ఆ తొడుగులతోనే నా చేయి పట్టుకుంది. తొడుగులు ఆమెను కాపాడాలా నన్నా అని అడిగితే, "తాత మస్తు తెలివిగల్లోడు" అని నవ్వింది. అది సరే. నాకు ఎక్కువ కోపం వచ్చింది ఆమె మీద కాదు. కింద నేల తుడిచే ఆమె ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో రోగి మంచం కింద తుడిచి, అదే గుడ్డతో సూదుల బల్ల కూడా తుడిచింది. పాపం బల్ల మెరవాలని గట్టిగా రుద్దింది. నీకు ఎవరైనా చెప్పిండ్రా బిడ్డా అని అడిగాను. "మాకు చెప్పేటోళ్లెవరు తాతా, మేం ఠేకా మీద వచ్చినోళ్లం, కాంట్రాక్టరు మనుషులం" అంది. అన్ని యంత్రాలు తెచ్చారు, పీట మాత్రం తీసేశారు.

ఎస్తేరు నర్సు పరీక్ష గెలిచి కొన్నాళ్లకు తాండూరులో పనికి కుదిరింది. ఒకసారి పని మీద అక్కడికి వెళ్తే, ఇంటికి రమ్మని కబురు పెట్టింది. వాళ్ల అమ్మ కూడా పెద్దేముల్ వైపు నుంచి వచ్చి అక్కడే ఉంది. నన్ను చూసి ఆ ముసలమ్మ తలుపు పక్కకు ఒదిగి నిలబడింది. గొల్లవాళ్ల మనిషికి తమ ఇంట్లో నీళ్లు ఇవ్వచ్చో లేదో ఆమెకు తెలియలేదు. ఎస్తేరు కాచి చల్లార్చిన నీళ్లతో ఒక గ్లాసు కడిగి, నీళ్లు నింపి, బొట్లు కారుతుండగానే తెచ్చింది.

"తడి గ్లాసు ఇస్తరానె? జర తుడువరాదు" అని తల్లి కొంగు చేతిలోకి తీసుకుంది.

"వద్దమ్మా. అన్నకు గిట్లనే ఇయ్యాలె."

చేతిలోంచి చేతిలోకి తీసుకున్నాను. నీళ్లు మోచేతి దాకా కారాయి. పూర్తిగా తాగాను. ఊరికెళ్లాక మా అమ్మకు ఆ సంగతి చెప్పలేదు. చెప్పేంత ధైర్యం నాకు అప్పటికి రాలేదు.

నిన్న రాత్రి అన్నం దగ్గర మనుమరాలు నాతో మాట్లాడలేదు. నాకు నిద్ర పట్టక ఒకటే లెక్క వేసుకున్నాను. నలుగురికి గడ్డలు లేపిన నన్ను సుగుణమ్మ ఒక్క మాట అనలేదు. ఒక్క గ్లాసు తుడిచిన పిల్లను నేను పది మాటలన్నాను. పొద్దున కోడలిని రెండు ఆలుగడ్డలు ఉడకబెట్టమన్నాను. "కూరకా మామా?" అంది. కాదన్నాను. కత్తీ గ్లాసులూ నేనే ఉడికించాను, నాలుగు అంకెలు దాటేదాకా పొయ్యి దగ్గరే నిలబడ్డాను. పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఒక ముక్క మీద ఆమె చున్నీ అంచు ఆనించమన్నాను. ఇంకో ముక్క మీద నా పంచె అంచు నేనే ఆనించాను.

"నీది గూడ ఎందుకు తాతా?" అంది.

"ముందుగాల తుడిచినోణ్ణి నేనే" అన్నాను.

గ్లాసులు బోర్లించాం. ఇంకా మూడు రోజులుంది.